ముప్పై సెకన్ల చదువు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, మూడు మాటల అబద్ధం. "అంతనే ఉన్నది అక్కా" అన్నాను ఒకామెతో. సిద్దిపేట బస్టాండు పక్కన, టీ కొట్టు దగ్గర, పట్టపగలు, కళ్లలోకి చూసి మరీ అన్నాను. ఆమె నమ్మింది. నమ్మకపోయినా బాగుండేది. నాలుగు తిట్టినా బాగుండేది. నమ్మి, టీ గ్లాసు కింద పెట్టి, బస్సెక్కి వెళ్లిపోయింది.

నా పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఇలా రాసుకునే పని ఉండేది కాదు కదా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ఒక్క కారణంతోనే నోరు పెగులుతోంది. ఇంట్లో చెప్పలేదు. స్టాఫ్ రూములో ఎలాగూ చెప్పలేను. ఒకటి రెండుసార్లు కోమటి చెరువు కట్ట మీద నడుస్తూ మా దోస్తుకు చెబుదామని మొదలుపెట్టాను. సగంలో మాట మార్చి జీతాల పీఆర్సీ గురించి మాట్లాడాను. టీచర్లం, మాకు ఆ టాపిక్ ఎప్పుడూ చేతిలో ఉంటుంది.

నేను సర్కారు బడి టీచర్ని. ఆమె కూడా టీచరే. ఆమె అసలు పేరు రాయను, స్వరూప టీచర్ అనుకోండి. నా మొదటి పోస్టింగు ఆమె పనిచేసే బడిలోనే. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. బీఈడీ చేసి వచ్చాను, పిల్లల మనస్తత్వం మీద పేజీలకు పేజీలు రాయగలను. కానీ ఒకటో తరగతిలో ఒక పిల్లవాడు ఏడుపు మొదలుపెడితే ఏం చెయ్యాలో తెలియదు. ఆమె నవ్వి, ఆ పిల్లవాణ్ణి ఎత్తుకొని, నా చేతికి సుద్దముక్క ఇచ్చి, "బోర్డు మీద ఏదన్న బొమ్మ గియ్యి తమ్మీ, ఆడే ఊకుంటడు" అంది. గీశాను. ఊరుకున్నాడు. నాలుగేళ్లు ఆమె పక్కన పనిచేశాను. నాకు ఈ రోజు బడిలో వచ్చిన విద్య ఏదైనా ఉంటే, అందులో ఎక్కువ భాగం ఆమె దగ్గర నేర్చుకున్నదే.

ఆమెకు రెండు పద్ధతులు ఉండేవి. ఈ రెండూ మీకు చెప్పాలి. ఎందుకంటే నేను చేసిన పని ఈ రెండూ తెలిసి చేసిన పని.

మొదటిది, చదువు రాని పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టేది. మామూలుగా మేమంతా చేసేది దానికి పూర్తి వ్యతిరేకం. ఎవరైనా అధికారి తనిఖీకి వస్తున్నాడంటే చురుకైన పిల్లల్ని ముందుకు తెచ్చి, మిగతావాళ్లను కిటికీ వైపు సర్దేస్తాం. ఇది అందరికీ తెలుసు, వచ్చే అధికారికి కూడా తెలుసు. అందుకే తెలివైన అధికారులు వెనక బెంచీ పిల్లల్ని లేపుతారు. స్వరూప టీచర్ మాత్రం తనిఖీ ఉన్నా లేకున్నా ఎవర్నీ కదిపేది కాదు. ముందు వరస ఎప్పుడూ వెనకబడిన వాళ్లదే.

రెండోది, చదువుతూ చదువుతూ ఆగిపోయిన పిల్లలకు ఆమె నేర్పిన అలవాటు. ఆగినచోట భయపడొద్దు. ముక్కు మీద వేలు పెట్టుకోవాలి, ఒక్కసారి ఊపిరి పీల్చాలి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అంతే. ఆ వేలు ముక్కు మీదికి పోయిందంటే ఆ పిల్ల చదవబోతోందని అర్థం. ఆ సమయంలో ఎవరూ మాట అందించకూడదు, తొందర పెట్టకూడదు. మొదట్లో నేను నవ్వుకున్నాను. తర్వాత నా తరగతిలోనూ అదే నేర్పాను.

ఆ తర్వాత ఇద్దరికీ బదిలీలు అయ్యాయి. నేను వేరే మండలానికి వెళ్లి, కొన్నేళ్లకు ఆమె ఉన్న మండలానికే తిరిగి వచ్చాను, వేరే బడికి. అప్పటికి ఫోన్లు వచ్చేశాయి. మండలం టీచర్ల గ్రూపు ఒకటి ఉండేది. పొద్దున ప్రార్థన ఫోటో, మధ్యాహ్న భోజనం ఫోటో, హరితహారం మొక్క ఫోటో, అన్నీ అందులో పెట్టాలి. పెట్టకపోతే పని చేయనట్టే. నాకు అది బాగా అబ్బింది. రోజూ "ఈ రోజు మా బడి" అని నాలుగు ఫోటోలు, రెండు మంచి మాటలు పెట్టేవాణ్ణి. పై అధికారులు చప్పట్ల బొమ్మలు పెట్టేవారు. బయటివాళ్లు కూడా చూసేలా ఒక పేజీ తెరిచాను. ఊళ్ల నుంచి, గల్ఫ్ నుంచి కూడా "శభాష్ సార్, మా ఊరి బడి పేరు నిలబెట్టిన్రు" అని రాసేవారు. తప్పు లేదు అందులో, ఇప్పటికీ అలాగే అనుకుంటాను. జనానికి బడి కనపడాలి. కానీ బడి కనపడుతోందా, నేను కనపడుతున్నానా? ఆ ప్రశ్న అప్పట్లో నేను వేసుకోలేదు.

ఒక రోజు స్వరూప టీచర్ గ్రూపులో నా ఫోటోల కింద ఇలా పెట్టింది: "తమ్మీ, ఫోటోల రోజు గా నలుగురు పిల్లలే కనవడుతున్రు. మిగిలినోళ్లు మంచిగున్నరా?"

ఎగతాళే. అక్క తమ్ముణ్ణి ఆటపట్టించినట్టు. కానీ నూటికి నూరుపాళ్లు నిజం. శుభ్రంగా ఉండే, కెమెరాకు నవ్వే పిల్లలు నలుగురే ఉన్నారు నా దగ్గర. గ్రూపంతా నవ్వుల బొమ్మలు పెట్టింది. నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను. లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది. వారం రోజులు ఆ మాటే నమిలాను. ఎంత చిన్న విషయమో చూడండి. ఇంత చిన్నదానికి మనిషి ఇంత దూరం పోతాడా? పోతాడు. నేను పోయాను.

ఆ చలికాలంలో పిల్లల చదివే సామర్థ్యం చూడడానికి మండలంలో బృందాలు వేశారు. ఒక బడి వాళ్లు ఇంకో బడికి వెళ్లి, ఐదుగురు పిల్లల్ని అక్కడక్కడి నుంచి ఎంచుకొని చదివించి, ఏ, బీ, సీ అని ఫారంలో రాయాలి. ఆధారం కోసం వీడియో తియ్యాలి. నాకూ, ఒక పెద్ద హెడ్మాస్టరు గారికీ మూడు బడులు పడ్డాయి. అందులో ఒకటి స్వరూప టీచర్ బడి. హెడ్మాస్టరు గారు ఆఫీసు గదిలో రిజిస్టర్లు చూస్తూ కూర్చున్నారు. పిల్లల్ని నేను చూస్తానన్నాను.

ఐదో తరగతిలోకి వెళ్లాను. ఆమె మొహం వెలిగిపోయింది. వచ్చింది ఎవరో బయటివాడు కాదు, తన తమ్ముడు. నేను గదంతా ఒకసారి చూశాను. ముందు వరసలో ఐదుగురు. సరిగ్గా ఐదుగురు. "వీళ్లు రండి" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను మరిచిపోయానని అనుకుందో, లేక వీళ్లు ఎంతవరకు వచ్చారో చూడాలనే ముందుగా పిలిచానని అనుకుందో. రెండోదే అనుకొని ఉంటుంది. ఆమెది మనుషుల గురించి మంచిగా అనుకునే మనసు.

ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి చదివించాను. స్వరూప టీచర్ తలుపు పక్కన నిలబడి వింటోంది. నాలుగో పిల్ల సన్నగా, పొడుగాటి జడలతో ఉంది. రెండేళ్లు తల్లిదండ్రుల వెంట మహారాష్ట్రలోని భివండీలో ఉండి, ఆ ఏడాదే తిరిగి వచ్చిన పిల్ల. జూన్‌లో అక్షరాలు కూడా రావని తర్వాత తెలిసింది. పుస్తకం తెరిచి ఒక వాక్యం చూపించి ఫోన్ ఎత్తాను. పిల్ల మొదలుపెట్టింది. రెండు మాటలు కూడబలుక్కుంది. మూడో దగ్గర ఆగింది. నా వైపు చూసింది, ఫోన్ వైపు చూసింది. తర్వాత మెల్లగా చెయ్యి లేపి ముక్కు మీద వేలు పెట్టుకుంది.

ఆ తర్వాత చదివింది. అవును, చదివింది. నిమిషం దాటిన వీడియో అది. ఫారంలో మాత్రం సీ అని రాశాను.

సాయంత్రం ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ ఆ వీడియో స్టేటస్‌గా పెట్టబోయాను. స్టేటస్‌కు ముప్పై సెకన్లే పడుతుంది. మిగతాది కత్తిరించాలి. చాలా ఏళ్లు నేను నాకు చెప్పుకున్న సాకు ఇదే: ఫోన్ ముప్పై సెకన్లే తీసుకుంది, నేనేం చేస్తాను? కానీ ఏ ముప్పై సెకన్లు ఉంచాలో ఫోన్ చెప్పదు. అటూ ఇటూ జరిపేది మన బొటనవేలే. నేను జరిపాను. వేలు ముక్కు మీదికి పోయేదాకా ఉంచి, అక్కడ ఆపాను. కింద "ఐదో తరగతి! మన చదువులు ఎటు పోతున్నాయి?" అని రాశాను. బడి పేరు రాయలేదు. అంత మర్యాద పాటించాను. వెనక గోడ మీద బడి పేరు సగం కనిపిస్తోంది. చూడలేదని చెప్పాలని ఉంది. చూశాను. సగమే కదా అనుకున్నాను.

అదే ముక్కను గ్రూపులోనూ పెట్టాను. "ధైర్యంగా పెట్టిన్రు సార్", "కళ్లు తెరిపించిన్రు" అన్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ ఆ సాయంత్రం నాకు చాలా సంతోషంగా ఉండింది. గంటకోసారి తీసి చూసుకున్నాను. స్వరూప టీచర్ ఏమైనా రాస్తుందేమో అని ఎదురుచూశాను. ఆమె ఏమీ రాయలేదు.

రెండు రోజుల్లో అది నా చేతుల్లో లేదు. గ్రూపులో ఎవరో ఊరి గ్రూపుకు పంపారు. అక్కడి నుంచి ఒక లోకల్ ఛానెల్ కుర్రాడు తీసుకొని బడి పేరు, టీచర్ పేరు కలిపి, భయం పుట్టించే సంగీతం పెట్టి వదిలాడు. కింద జనం ఏం రాశారో మీకు చెప్పాలా? "ముక్కు తుడుచుకునుడు తప్ప ఏం రాదు", "టీచర్ కూడ గట్లనే ముక్కు మీద వేలేసుకొని కూసుంటది కావచ్చు". ఆ వేలు మీద ఎన్ని జోకులో. దాని అర్థం తెలిసిన టీచర్లం ఈ లోకంలో ఇద్దరమే. ఒకామెను తిడుతున్నారు. ఇంకొకణ్ణి మెచ్చుకుంటున్నారు.

నా స్టేటస్ తీసేశాను. గ్రూపులోనూ తీసేశాను. తీసేస్తే ఏమవుతుంది? నా ఫోన్‌లోంచి పోయింది, అంతే. తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు. "మా పిల్లగాండ్లకు ఏం జెప్తున్నవ్ మేడం?" అని అడిగారు. ఆఫీసు నుంచి ఆమెకు నోటీసు వచ్చింది. తర్వాతి జూన్‌లో ఆ ఊరికి ప్రైవేటు బడి పసుపు బస్సు రావడం మొదలైంది.

నోటీసుకు జవాబు ఇవ్వడానికి ఆమె సిద్దిపేట వచ్చిన రోజు నాకు ఫోన్ చేసింది. బస్టాండు దగ్గరికి రమ్మంది. వెళ్లాను. వెళ్లకుండా ఉండే ధైర్యం కూడా లేదు. ఆమె చంకలో ఒక ఫైలు. మొహం కొంచెం వాడి ఉంది. రెండు టీలు చెప్పింది. నన్ను చెప్పనివ్వలేదు.

"తమ్మీ, పెట్టినవని నాకు కోపం లేదు" అంది. "ముందు వరుసోళ్లనే ఎందుకు పిల్చినవని గూడ అడుగ. గని గా పిల్ల తర్వాత మొత్తం చదివింది గదా. గది నీ ఫోన్ల ఉన్నదా?"

ఉంది. నా చొక్కా జేబులోనే ఉంది.

"అంతనే ఉన్నది అక్కా" అన్నాను. "గప్పుడే ఫోన్ బందయింది."

"ఒక్కసారి మంచిగ చూడు. సార్లకు చూపియ్యనీకి కాదు, నా నోటీసు సంగతి నేను చూస్కుంట. పిల్లకు చూపియ్యాలె. 'నేను చదువలే టీచర్, వీడియోల లేదు గదా' అంటున్నది. నువ్వు చదివినవ్ బిడ్డా, నేను ఇన్న అంటే నమ్ముతలేదు. నన్ను ఊకోబెట్టనీకి చెప్తున్నవు అంటున్నది."

"లేదక్కా."

ఆమె టీ ఊదుకుంటూ తాగింది. తర్వాత, "సరే తీ. గా పొద్దు వరండల మనం ముగ్గురమే ఉంటిమి. నువ్వన్న ఒకపారి వచ్చి చెప్తవా? సారు చెప్తే నమ్ముతది" అంది.

"వస్త అక్కా. గీ ఐతారం కాకుంటె పై ఐతారం."

వెళ్లలేదు. ఆ ఆదివారం వెళ్లలేదు, పై ఆదివారం వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదు? వెళ్లి చదివావని చెబితే, మరి సీ ఎందుకు రాశారు సార్ అని ఊళ్లో ఎవరైనా అడుగుతారని భయం. అంతకన్నా, ఆ పిల్ల అడుగుతుందని భయం. ఒక పదేళ్ల పిల్లకు జవాబు చెప్పలేక నేను ఆగిపోయాను.

ఆ రోజు టీ కొట్టు దగ్గర నుంచి నడుస్తూనే వీడియో డిలీట్ చేశాను. ఎవరైనా ఫోన్ అడిగితే దొరికిపోతానని. కానీ డిలీట్ చేసినా నెల రోజులు చెత్తబుట్టలో ఉంటుంది, మీకు తెలుసు కదా. నాకూ తెలుసు. రోజూ తెరిచి చూసేవాణ్ణి. ఇంకా ఇన్ని రోజులు అని అక్కడే రాసి ఉండేది. ఒక్కసారి నొక్కితే తిరిగి వచ్చేది. ఆమెకు పంపితే ఒక్క క్షణం పని. ఇరవై రోజులు, పది రోజులు, మూడు రోజులు. చివరి రోజు కూడా చూశాను. మరుసటి రోజు లేదు. ఆ నెల గురించి ఆలోచిస్తేనే నాకు నా మీద అసహ్యం వేస్తుంది. ఆవేశంలో చేసిన తప్పుకు ఏదో ఒక సాకు ఉంటుంది. ముప్పై రోజులు రోజూ చూస్తూ చేసిన తప్పుకు ఏముంటుంది?

ఇప్పుడు పరిస్థితి ఇలా ఉంది. నేను కత్తిరించిన ముక్కను ఈ లోకంలో ఎవరూ చెరపలేరు. కత్తిరించి పారేసిన ముక్కను ఎవరూ తేలేరు. రెండూ నేను చేసినవే, ఒక్కటీ నేను మార్చలేను.

ఆ పిల్ల ఆరో తరగతికి పక్క ఊరి హైస్కూలుకు వెళ్లింది. అక్కడ పిల్లలు ఆమెను చూసి ముక్కు మీద వేలు పెట్టుకునేవారట. ఏడో తరగతిలో మానేసింది. ఇంట్లో బీడీలు చుట్టిందని, తర్వాత అందరూ మళ్లీ భివండీ వెళ్లిపోయారని ఆ ఊళ్లో పనిచేసే టీచరు ఒకాయన చెప్పాడు. వేరే మాటల మధ్యలో చెప్పాడు. వీడియో వల్లే మానేసిందా? ఏమో. ఆ ఊళ్లో ఏడో తరగతిలో మానేసిన ఆడపిల్లలు ఇంకా ఉన్నారు, వాళ్ల వీడియోలు ఎవరూ తియ్యలేదు. ఈ సందులో దూరి నేను చాలా రాత్రులు హాయిగా పడుకున్నాను. తెల్లవారితే ఆ సందు ఉండదు.

స్వరూప టీచర్ రిటైరై సిద్దిపేటలోనే ఉంటోంది. పెళ్లిళ్లలో, యూనియన్ సభల్లో కనిపిస్తుంది. "మంచిగున్నవా తమ్మీ, బీపీ గోలీలు ఏసుకుంటున్నవా?" అని అడుగుతుంది. ఆ ఆదివారం సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. మరిచిపోయిందా? నాకు తెలిసిన స్వరూప టీచర్ ఏ పిల్ల సంగతీ మరిచిపోదు. ఆమె అంతా ఎప్పుడో కనిపెట్టి ఉంటుందని ఒక్కోసారి అనిపిస్తుంది. అనిపించినప్పుడు ప్లేటు పట్టుకొని వేరే వరసలోకి జరుగుతాను.

నేను మాత్రం పైకే వచ్చాను. కొత్త టీచర్లకు శిక్షణ ఇచ్చే పని కూడా వచ్చింది. ఏ విషయం మీద అనుకున్నారు? పిల్లల చదువును ఎలా కొలవాలి అన్న విషయం మీద. నవ్వుకోండి. నేనూ నవ్వుకుంటాను, ఏడవడం చాతకాక.

పోయిన నెల అలాంటి శిక్షణలోనే, ఎవరో ఫోన్‌లోంచి తెర మీద ఒక వీడియో వేశారు, గ్రేడు ఇవ్వడం సాధన చేద్దామని. అదే వీడియో. పైన ఇప్పుడు వేరే జిల్లా పేరు ఉంది. గోడ మీద అక్షరాలు మసకబారాయి. పిల్ల మొహం మాత్రం తెల్లగా, స్పష్టంగా ఉంది. హాలంతా "సీ, సీ" అన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

రెండో వరసలో ఒక కొత్త టీచరమ్మ లేచింది. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కూడా కాలేదు. "సార్, గా పిల్ల ముక్కు మీద ఏలు పెట్టుకొని ఏదో చెయ్యవోతున్నట్టున్నది. భయపడ్డట్టు లేదు. తర్వాత ఏమైంది సార్?" అంది.

ఎనిమిదేళ్లలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. వీడియో చూసి తిట్టినవాళ్లు, నవ్వినవాళ్లు, జాలిపడ్డవాళ్లు ఎంతమందో. తర్వాత ఏమైందని ఒక్కరూ అడగలేదు. బల్ల పట్టుకున్నాను. నోటిదాకా వచ్చింది. నలభై మంది నన్నే చూస్తున్నారు. నేను గడియారం చూసి, "చాయ్ టైం అయింది, పది నిమిషాలు" అన్నాను.

అందరూ లేచారు. ఆమె కాసేపు నిలబడే ఉంది, తర్వాత వెళ్లింది. నేను ఇంతే. మళ్లీ సమయం ఇచ్చినా ఇంతే చేస్తానేమో అని భయంగా ఉంది. దీన్ని చదివి నన్ను క్షమించమని అడగను. క్షమించాల్సిన వాళ్లు మీరు కాదు, నిజంగా క్షమించాల్సిన వాళ్లను అడిగే మొహం నాకు లేదు. కానీ ఆ టీచరమ్మ అడిగినదానికి జవాబు ఒకటి బాకీ ఉండిపోయింది. కనీసం ఇక్కడ చెప్పనివ్వండి.

అమ్మా, ఆ పిల్ల ఊపిరి పీల్చింది. పుస్తకాన్ని కొంచెం దగ్గరికి తీసుకుంది. మళ్లీ మొదటి మాట నుంచి మొదలుపెట్టి, ఆగినచోట ఆగకుండా, గట్టిగా, వరండా చివరిదాకా వినిపించేట్టు వాక్యమంతా చదివింది. చదివి వాళ్ల టీచర్ వైపు చూడలేదు. నా వైపు చూసింది. పరీక్ష పెట్టింది నేను కదా. బాగుందని నేను అంటానేమో అని నిలబడింది. నేను ఫోన్ దించి "నెక్స్ట్" అన్నాను.

ఆ పిల్లకు చదువు వచ్చింది. నేను విన్నాను.